మెంబరవ్వ నిశాని

పంచాయతీ తీర్మానాల పుస్తకం ఊళ్లో ఇల్లిల్లూ తిరిగే రోజులవి. ఇప్పుడు కొత్తగా కార్యదర్శులుగా చేరుతున్న పిల్లలకు ఈ మాట చెబితే నవ్వుతారు. నవ్వండి, మీ వయసులో నేనూ నవ్వుకుంటూనే ఆ పని చేశాను. నెలకోసారి మీటింగు జరగాలి, మెంబర్లంతా వచ్చి కూర్చోవాలి, మాట్లాడుకోవాలి, ఒప్పుకున్నది పుస్తకంలో రాసి సంతకాలు పెట్టాలి. రూలు అదే. జరిగేది మాత్రం వేరు. మనుషులు మీటింగుకు రావడానికి బదులు, మీటింగే గుడ్డసంచిలో పడి మనుషుల ఇళ్లకు వెళ్లేది. మగ మెంబర్లలో సగం మందైనా ఆఫీసు అరుగు దాకా వచ్చి, ఓ బీడీ కాల్చి, సంతకం గీకి పోయేవారు. ఆడవాళ్లకు కేటాయించిన సీట్లు రెండు ఉండేవి. ఆ ఇద్దరు మెంబర్లూ ఆఫీసు గడప తొక్కగా చూసినవాళ్లు లేరు.

నేను ఈ ఉద్యోగంలోకి వచ్చిన దారి కూడా వంకరదే. అరవై తొమ్మిదిలో ప్రత్యేక రాష్ట్రం కావాలని లొల్లి లేచినప్పుడు నేను హన్మకొండలో చదువుతున్నాను. కాలేజీలు మూతపడ్డాయి. జనగామలో ఒక లాఠీ దెబ్బ తిన్నాను, ఒక ఏడాది చదువు పోగొట్టుకున్నాను. నర్సింహులపేట దగ్గర మా ఊరికి కుంటుకుంటూ వెళితే మా బాపు నన్ను కిందికీ మీదికీ చూసి, "రాష్ట్రమూ రాకపాయె, నీ పరీచ్ఛా రాకపాయె. ఎడ్లనన్న కట్టుపో" అన్నాడు. నాలుగేళ్లు ఎడ్లు కట్టాక ఈ ఉద్యోగం దొరికింది.

మొదటి పోస్టింగు మానుకోట దిక్కు. అక్కడ నాకు చార్జి అప్పగించిన పెద్దమనిషి రెండు రోజుల్లో నాకు పనంతా నేర్పాడు. అందులో ముఖ్యమైన పాఠం ఇది. "తమ్మీ, ముందుగాల నిశానీలు దీస్కో. మాటలదేమున్నది, ఎనుకసీర ఎన్నన్న రాస్కోవచ్చు." నిశాని అంటే వేలిముద్ర. చదువురాని మెంబర్ల చేత ఖాళీ పేజీ అడుగున వేలిముద్ర వేయించుకోవాలి. తర్వాత ఆఫీసులో కూర్చొని పైన తీర్మానం రాసుకోవాలి. చోటు ఎక్కువ మిగిలితే అక్షరాలు లావు చేయాలి, తక్కువ పడితే చీమల్లా రాయాలి. ఆ విద్యలో నేను పదేళ్లలో ఎంత ఆరితేరానంటే, కింద ముద్ర ఎక్కడ ఉన్నా నా ఆఖరి వాక్యం సరిగ్గా దాని నెత్తి మీద దిగేది. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన వాళ్లు నా పుస్తకాన్ని పక్క ఊళ్ల వాళ్లకు చూపించి, "రాస్తే ఇలా రాయాలి" అనేవారు. నేను పొంగిపోయేవాణ్ని.

జనగామకు పది పన్నెండు మైళ్ల దూరంలోని ఊరికి నేను బదిలీ మీద వెళ్లేసరికి ఎనభైలు మొదలయ్యాయి. ఊళ్లో రెండు పార్టీలు. రాష్ట్రంలో ఏ పార్టీలున్నా ఊళ్లో వాటి పేర్లు మాత్రం సర్పంచ్ పార్టీ, సేటు పార్టీ. సర్పంచ్ పెద్ద వ్యవసాయం ఉన్న పటేల్ ఇంటి మనిషి. మెంబరైన సేటుకు కిరాణా దుకాణం, పత్తి, మిర్చి వ్యాపారం. హైదరాబాద్‌లో సర్కారు మారి కొత్త పార్టీ వచ్చినప్పుడు సర్పంచ్ తెల్లారేసరికి కొత్త జెండా కట్టాడు. అతను కట్టాడు కాబట్టి సేటు పాత జెండా కింద ఉండిపోయాడు. మనసులో ఇద్దరూ అదే జెండా కోసం పోటీ పడ్డారని మా చప్రాసి చెప్పేవాడు.

సర్పంచ్ గురించి ఒక మాట ముందే చెప్పాలి, లేకపోతే మీరు అతన్ని సినిమాలో దుర్మార్గుడిలా ఊహించుకుంటారు. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు తన జీపులో జనగామ దవాఖానాకు తీసుకుపోయి, డాక్టరు మీద అరిచి మంచం ఇప్పించి, సాయంత్రం దాకా నా తల దగ్గరే కూర్చున్నాడు. ఆయన పొలంలో పండిన ప్రతిదీ మొదటి గంప మా ఇంటికి వచ్చేది. అలాంటి మనిషి అడిగితే కాదనడం నాకు చేతనయ్యేది కాదు. నిజం చెప్పాలంటే, కాదనాలని తోచేది కూడా కాదు.

ఆడ మెంబర్లలో ఒకరు సేటు వదిన. ఆమె ముద్ర సేటు ఇంట్లో తలుపు వెనుక నుంచి వచ్చేది; ఆమె ముఖం నేను ఎన్నడూ చూడలేదు. రెండో ఆమె సర్పంచ్‌కు సొంత వదిన. భర్త పోయాడు. ఊరంతా ఆమెను మెంబరవ్వ అనేవారు. మెంబరుగా చేసిన పని ఏమీ లేకున్నా ఆ పేరు ఆమెకు అతికినట్లు సరిపోయింది. గొంతు పెద్దది, నడక పెద్దది. చప్రాసీ, నేనూ సంచిలో పుస్తకం, సిరా ప్యాడు పట్టుకొని వెళ్లేసరికి పేడ కలుపుతూనో, వడ్లు చెరుగుతూనో ఉండేది. బొటనవేలు కొంగుకు తుడుచుకొని, "ఏమన్న మంచిదేనా సారూ?" అని అడిగేది. "మంచిదే అవ్వా" అనేవాణ్ని. ముద్ర వేసి, ఇంకా వేలి సిరా ఆరకముందే మాకు మజ్జిగ తెచ్చి ఇచ్చేది. ప్రతి నెలా అంతే. ఆమె ఒక్కనాడూ ఏమి రాస్తావని అడగలేదు. సారు మంచిదే అన్నాడు కదా, ఇంకేం కావాలి?

ఆమెకు ఇద్దరు కొడుకులు, ఒక బిడ్డ. కొడుకులు జనగామలోనే స్థిరపడ్డారు. ఒకడికి ఎరువుల దుకాణం, ఇంకొకడికి ఉద్యోగం. తండ్రి పోయినప్పుడు బిడ్డకు పద్దెనిమిదేళ్లు. అన్నలు చదువులలో ఉన్నారని ఆ ఏడు నాట్లు తనే వేయించింది. మరుసటి ఏడూ ఆమే. అలా పన్నెండేళ్లు గడిచాయి. సంబంధాలు వచ్చాయి, పోయాయి. తర్వాత ఆమే వద్దంది. బావి దగ్గర మోటారు చెడితే జనగామ నుంచి మెకానిక్ వచ్చేలోపు తనే విప్పి బాగుచేసేది. మగ జీతగాళ్లు ఆమెకు భయపడేవారు. నాకూ కొంచెం భయమే.

ఆ రోజుల్లోనే ఆడపిల్లకు తండ్రి ఆస్తిలో మగపిల్లవాడితో సమానంగా వాటా ఇచ్చే చట్టం గురించి చర్చ లేచింది. హోటల్లో, మంగలి దగ్గర, బస్సులో, ఎక్కడ చూసినా అదే మాట. కొత్త సర్కారు తెస్తున్న చట్టం కాబట్టి సర్పంచ్ స్కూలు దగ్గర మీటింగు పెట్టించాడు. మైకు ముందు నిలబడి, "ఆడిబిడ్డలంటె ఇంటి లచ్చిములు! మా సర్కారు వాళ్లకు హక్కిస్తున్నది!" అని గొంతు చించుకున్నాడు. చప్పట్లు మోగాయి. వేదిక దిగి కండువాతో చెమట తుడుచుకొని నా చెవిలో, "సెక్రెటరీ, గీ కానూను మన దాక జల్ది రాదు గదా?" అన్నాడు.

సేటు మరుసటి వారమే తన దుకాణం ముందు ఇంకో మీటింగు పెట్టాడు. అది ఇండ్లు విడగొట్టే కానూను అన్నాడు, అన్నాచెల్లెళ్లను కోర్టుకెక్కించే కానూను అన్నాడు. మన ఆడోళ్లు గిట్లాంటివి అడుగుతారా అని మగవాళ్లను అడిగాడు. మగవాళ్లంతా అడగరు అన్నారు. మా చప్రాసి మాత్రం, "నాకేం ఫికరు లేదు సారూ. నాకున్నది ఒక్క గుడిసె. బిడ్డకు దర్వాజ ఇస్త, కొడుక్కు కప్పిస్త, వానొస్తె ఇద్దరు కలిసే తడుస్తరు" అన్నాడు.

మా ఇంట్లోనూ చర్చ జరిగింది. నా భార్య నా మేనమామ బిడ్డ. చిన్నప్పటి నుంచి చూసిన మనిషి కాబట్టి నా మీద గౌరవం తక్కువ, ప్రేమ ఎక్కువ. నేను పేపరు పట్టుకొని ఆడవాళ్ల హక్కుల గురించి ఉపన్యాసం ఇస్తుంటే, "అన్నం సల్లారిపోతున్నది బావా. హక్కులు తర్వాత, ముందుగాల ఆ పల్లెం జర ఇటియ్యి" అనేది. నేను చట్టానికి అనుకూలం అని ఆమెకు గట్టిగా చెప్పినట్లు గుర్తు. ఆ నెలలోనే నేను చేసిన పని వినండి.

సర్పంచ్ ఒకరోజు ఆఫీసుకు వచ్చి తలుపు దగ్గరికి వేశాడు. "గీ ఆడిబిడ్డల పాళ్ల లొల్లి మనూళ్లె వద్దని ఒక తీర్మానం రాయి" అన్నాడు.

"పటేలా, మీ సర్కారు తెచ్చే చట్టమే కదా!"

"పైకి ఎవలు పంపుమన్నరు? బుక్కుల ఉంటె సాలు."

నేను అనుమానంగా సేటు సంగతి అడిగాను. సర్పంచ్ నవ్వాడు. సేటు అప్పటికే సరేనన్నాడట. మా పంచాయతీలో వీధిదీపం ఎక్కడ పెట్టాలన్నా రెండు పార్టీలకూ పడేది కాదు. ఒక తీర్మానం మీద అందరు మగ మెంబర్లూ సంతకం చేయడం నా సర్వీసులో అదొక్కసారే చూశాను. సేటు ఇంగ్లీషులో పెద్ద సంతకం పెట్టాడు. ఆడ మెంబర్ల నిశానీలు ఆ పేజీ అడుగున అప్పటికే ఉన్నాయి. వారం కిందటే తెచ్చాను.

పైన రాశాను. ఆడపిల్లలకు భూమిలో వాటా ఇచ్చుట వలన కుటుంబములలో కలహములు కలుగునని, ఈ గ్రామమున పూర్వాచారమునే పాటించవలెనని రాశాను. చోటు ఇంకా రెండు వరుసలు మిగిలింది. నా ఆఖరి వాక్యం ముద్రల నెత్తిన దిగాలి కదా! అందుకని, "గ్రామమందలి స్త్రీ సభ్యులు సైతం ఇందుకు మనఃపూర్వకముగా సమ్మతించిరి" అని చేర్చాను. ఆ మాట సర్పంచ్ చెప్పలేదు, సేటు చెప్పలేదు. నా సొంత కవిత్వం. రాసేటప్పుడు చేయి వణికిందని చెప్పుకోవాలని ఉంది కానీ వణకలేదు. అక్షరాలు చక్కగా కుదిరాయని చూసి మురిసిపోయాను.

మూడు నెలల తర్వాత ఆ తీర్మానం ఎందుకో తెలిసింది. మెంబరవ్వ కొడుకులు భూమి పంచుకుంటామని వచ్చారు. ఆదివారం పొద్దున పంచాయతీ ఆఫీసు అరుగు మీద పెద్దమనుషులు కూర్చున్నారు, చుట్టూ ఆడా మగా జనం మూగారు. సర్పంచ్ వాళ్లకు చిన్నాయిన కాబట్టి పెద్దరికం ఆయనదే. సేటును ఎవరూ పిలవలేదు, అయినా వచ్చాడు. మెంబరవ్వ తల మీద కొంగు లాక్కొని గోడ పక్కన నిలబడింది. ఆమెను ఆ ఆఫీసు ముందు చూడడం నాకు అదే మొదటిసారి. బిడ్డ నేరుగా బావి దగ్గర నుంచి వచ్చింది, కాళ్లకు మడి బురద ఇంకా ఆరలేదు.

ఆమె కూర్చోలేదు. "అన్నా, మీ పాళ్లు మీరు తీస్కోండ్రి. బాయి కింది మూడెకరాలు నాకు ఇడ్సిపెట్టుండ్రి. పన్నెండేండ్ల సంది నేనే చేస్తున్న. నేను ఎవల దిక్కు చూడకుంట బతుకుత" అంది.

పెద్దన్న తల వంచుకొనే, "నిన్ను అన్నం పెట్టకుంట ఇడ్సిపెడ్తమా? మాతోని జనగామకు రా. మా ఇంట్ల ఉండు" అన్నాడు.

"ఉండి ఏం జెయ్యాలె? వదినెకు గిన్నెలు తోమాల్నా?"

మెంబరవ్వ గోడ దగ్గర నుంచి అంది. "నా బిడ్డకు బాయి కింది భూమి ఇయ్యాలె. నా మాట గంతే."

సర్పంచ్ మెత్తగానే అన్నాడు. "వదినా, నీ మాట నువ్వెన్నడో చెప్పినవు గదా." చప్రాసికి సైగ చేశాడు. పుస్తకం వచ్చింది. ఆయన ఆ పేజీ తీసి అందరికీ వినపడేలా చదివాడు. సంతకాలు ఎవరెవరివో కూడా చదివాడు. ఆఖరికి వచ్చేసరికి నా కవిత్వం గట్టిగా చదివి, వేలిముద్ర మీద వేలు పెట్టి చూపించాడు. "ఊరంత ఒక్కమాట మీదున్నది. తల్లి గూడ మనసార ఒప్పుకున్నది. ఇంక లొల్లెందుకు?"

ఆ అమ్మాయి అన్నల వైపు చూడలేదు. తల్లి వైపు చూసింది.

"అవ్వా, నువ్వు పెట్టినవా?"

మెంబరవ్వ బొటనవేలు కొంగుకు తుడుచుకుంది. ఆ పెద్ద గొంతు ఎటు పోయిందో. "పెడ్తి బిడ్డా... ప్రతి నెల పెడ్త... సారు మంచిదే అన్నడు..."

"నా చేతి బువ్వ తినుకుంట, నాకే భూమిల పాలు వద్దని నిశాని పెట్టినవా?" అంటూ ఆ అమ్మాయి ఏడ్చింది. మోటారు విప్పే మనిషి, జీతగాళ్లను హడలగొట్టే మనిషి, అందరి ముందూ ఏడ్చింది. మెంబరవ్వ నా వైపు తిరిగింది. ఆ చూపు నేను ఇప్పటికీ తట్టుకోలేను. తిట్టినా బాగుండు. ఆమె నన్ను నమ్మి అడిగినట్లే చూసింది, ఇది కూడా మంచిదేనా సారూ అన్నట్లు.

ఉద్యోగం పోతుందని తెలుసు. పిల్లల చదువులు గుర్తుకొచ్చాయి. దవాఖానాలో నా తల దగ్గర కూర్చున్న సర్పంచ్ ముందే కూర్చున్నాడు. ఆఖరికి లేచి అన్నాను. "ఆ తప్పు అవ్వది కాదు. ఆమె నిశాని పెట్టినప్పుడు ఆ పేజీల ఒక్క అక్షరం లేదు. ఎనుకసీర నేను రాసిన. ఒప్పుకున్నదని గూడ నేనే రాసిన. ఆమెను నేను అడగలె."

సేటు ఒక్క ఉదుటున లేచాడు. "ఇన్నరా! సర్పంచ్ దౌర్జన్యం! ఆడోళ్ల హక్కులు కాలరాస్తున్నరు! మా పార్టీ ఊకోదు!" అన్నాడు. మూడు నెలల కిందట ఇండ్లు విడగొట్టే కానూను అన్న నోరే అది.

మెంబరవ్వకు అప్పుడు గొంతు తిరిగి వచ్చింది. "సేటూ, నీ సంతకం గూడ గిప్పుడే చదివిండ్రు. కూసో" అంది. సేటు కూర్చున్నాడు. కొందరు నవ్వారు. ఆమె నవ్వలేదు. నా దగ్గరికి వచ్చి అరుగు ఎక్కి, పుస్తకం ముందు చతికిలబడింది.

"సారూ, రెండేండ్ల సంది నా యేలు వట్టుకొని ఏమేమి రాసినవో అన్ని చదువు."

"అవ్వా, అవి మామూలు..."

"చదువు."

చదివాను. మొదటి నెల నుంచి చదివాను. సంత వేలం, మోరీ కాలువల మరమ్మతు, బడి గోడకు సున్నం. ఒక్కొక్కటి అయ్యాక, "ఇది నేనన్ననా?" అని అడిగేది. "అనలేదవ్వా" అనేవాణ్ని. మొదట్లో జనం గుసగుసలాడారు, తర్వాత దగ్గరికి జరిగి విన్నారు. తర్వాత బోరింగు తీర్మానం వచ్చింది. ఆమె వాడకు మంజూరైన చేతి పంపును సర్పంచ్ మామిడితోట దారిలోకి మార్చడానికి ఆ వార్డు సభ్యురాలు సమ్మతించినట్లు అందులో ఉంది.

"మా వాడ బోరింగు నేనే వద్దన్ననా!" ఆమె నెత్తి మీద చేతులు పెట్టుకుంది. "రెండేండ్ల సంది బిందె సంకల వెట్టుకొని సర్కారును తిట్టుకుంట నడుస్తున్న గదనే! నేనే వద్దన్ననా?" గుంపులోని ఆడవాళ్లు సర్పంచ్ వైపు తిరిగారు. ఆయన కండువా సర్దుకున్నాడు. పొద్దు నడినెత్తికి వచ్చింది, ఒక్కరూ లేచి పోలేదు.

అంతా అయ్యాక ఆమె అంది. "ఇగ కొత్త పేజీ తియ్యి. నేను చెప్పింది రాయి. ముందుగాల నేను ఈ జాగలకు వచ్చిన్నని రాయి. ఇదే మొదటిపారి అని గూడ రాయి. బాయి కింది మూడెకరాలు నా బిడ్డకు ఇయ్యాల్నని నేను నోటితోని చెప్పిన్నని రాయి. రాసినంక చదువు. చదివినంక నిశాని పెడ్త."

ఇంటి పంపకం విషయం పంచాయతీ పుస్తకంలో రాయడానికి రూలు లేదు. ఆ మాట నాకు తెలుసు. నోరు మూసుకొని రాశాను. నా జీవితంలో మొదటిసారి పైన రాసి, చదివి, ఆ తర్వాత కింద ముద్ర వేయించాను. అక్షరాలు వంకరటింకరగా వచ్చాయి.

చిన్న కొడుకు అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. లేచి, "ఇద్దాం తియ్యే అన్నా. మనం చదువుకున్నది చెల్లె చేసిన పంట మీదనే గదా" అన్నాడు. పెద్దవాడు వెంటనే ఒప్పుకోలేదు. సాయంత్రం దాకా గుంజి గుంజి, మూడెకరాలు కాస్తా రెండున్నర అయింది. బావిలో సగం వంతు కూడా ఆమెకు. ఆ నెలలోనే జనగామలో రిజిస్ట్రీ జరిగింది. ఆ అమ్మాయి నాకు కృతజ్ఞత చెప్పలేదు. ఎందుకు చెప్పాలి? దారిలో కనపడితే, "సారూ, ఇగ జర చూసి రాయుండ్రి" అని పోయేది.

సేటు ఊరుకోలేదు. సర్పంచ్ నన్ను బెదిరించి రాయించాడని పైకి అర్జీ పెట్టాడు. విచారణకు వచ్చిన ఆఫీసరు కోస్తా జిల్లాల మనిషి. నేను వచ్చినం, పోయినం అంటే, పై ఆఫీసులో అందరి ముందూ అదే యాసలో నన్ను వెక్కిరించి నవ్వించేవాడు. ఆయనంటే నాకు ఒళ్లు మంట. ఫైలంతా చూసి, "ఏవయ్యా, సర్పంచి బెదిరించాడని రెండు ముక్కలు రాసిచ్చెయ్యి. నీ మీద కేసుండదు. ఇద్దరు సాక్షుల్ని తెస్తానంటున్నాడు ఆ షావుకారు" అన్నాడు.

"బెదిరించలేదు సార్. అడిగిండు, రాసిన. అడగని ముక్క గూడ ఒకటి రాసిన."

ఆయన కలం మూసి నా వైపు చూశాడు. ఈసారి నా మాటను వెక్కిరించలేదు. "మా జిల్లాలోనూ పుస్తకం ఇళ్లకే వెళ్తుందయ్యా. నేనూ ఇన్నేళ్లూ చూసీ చూడనట్టు సంతకాలు పెట్టాను. నీకు శిక్ష రాయక తప్పదు, ఏమనుకోకు" అన్నాడు. టీ తెప్పించి ఇద్దరం తాగాక రాశాడు. రెండు ఇంక్రిమెంట్లు ఆగిపోయాయి. భూపాలపల్లి అవతల టేకుమట్ల దిక్కుకు బదిలీ. సర్పంచ్ నాతో నెల రోజులు మాట్లాడలేదు. సామాను లారీకి ఎక్కించే రోజు మాత్రం మామిడికాయ తొక్కు జాడీతో వచ్చి, "నువ్వు మంచోనివే, నీ నోరే మంచిది గాదు" అని, జాడీని నా భార్య చేతికిచ్చి వెళ్లిపోయాడు. బోరింగు మెంబరవ్వ వాడకు తిరిగి వచ్చిందని తర్వాత విన్నాను.

లారీలో నా భార్య పక్కన కూర్చొని నేను కాస్త గర్వంగానే ఉన్నాను. శిక్ష పడినా సరే, నిజం చెప్పాను కదా! ఆ మాట ఆమెతో అన్నాను. ఆమె తొక్కు జాడీని ఒళ్లోకి సర్దుకుంది.

"బావా, మామ పోయినప్పుడు భూమి నీ పేరు మీద చేసుకునే కాయితం మీద చెల్లె నిశాని పెట్టింది గదా. అది ఆమెకు చదివి వినిపించినవా?"

నాకు తల కొట్టేసినట్లయింది. నా ఒక్క చెల్లెల్ని గూడూరు దగ్గర ఇచ్చాం. బాపు దినవారాలు అయిన మరునాడే, పట్వారి అడిగాడని ఆమె ముందు కాగితం పెట్టాను. ఆమె ఏడుస్తూనే బొటనవేలు చాచింది. ఏముందని ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. అప్పటికి అది పదేళ్ల కిందటి మాట.

టేకుమట్లలో సామాను దించి, పెట్టె అడుగున వెతికి ఆ కాగితం తీశాను. మొదటి ఆదివారమే మూడు బస్సులు మారి గూడూరు వెళ్లాను. చెల్లె వాకిట్లో మిరపకాయలు ఎండబోస్తోంది. నన్ను చూసి, "అన్నొచ్చిండు!" అని లోపలికి కేక వేసింది. కూర్చోనని చెప్పి, నిలబడే ఆ కాగితం మొత్తం చదివాను. తండ్రి భూమిలో నేను ఎటువంటి హక్కునూ కోరను అనే మాటను రెండుసార్లు చదివాను. చదివి, ఎకరం నర ఆమె పేరు మీద చేస్తానని చెప్పి, కాగితం ఆమె చేతిలో పెట్టాను. అన్నట్లే ఆ ఎండాకాలంలో చేశాను కూడా.

ఆమె ఆ కాగితాన్ని పొయ్యిలో పెట్టి చాయ్ కాచింది. నాకు ఒక కప్పు ఇచ్చి, తనూ ఒకటి పట్టుకొని నా ఎదురుగా కూర్చుంది.

"అప్పుడు చదివినా నిశాని పెడ్తుంటినే అన్నా. నువ్వు అడిగితె నేను వద్దంటనా? చదవకపోతివి సూడు, అదే ఇన్నేండ్లు కష్టమనిపిచ్చింది" అంది.